తల తిప్పబాక

బంతి మళ్ళీ లెగ్ సైడుకే పోయింది. వికెట్లను దూరంగా వదిలేసి, పక్కనున్న వలకు తగులుకుని ఆగింది.

"తల పడిపోతా ఉండాది మణీ," అన్నాడు గుణశేఖర్, అవతలి వికెట్ల వెనక నుంచి. "బంతి వదిలేటప్పుడు ఎడం పక్కకి వాలిపోతా ఉండావు. ముందు మోకాలేమో వంగిపోతా ఉండాది. ఇంగ బంతి నేరుగా ఎట్టా పోతాది తల్లీ? ఇంకొకటి వెయ్."

"సరే సార్," అంది కృపామణి.

సత్యవేడు దగ్గరి పల్లె నుంచి డిగ్రీ చదవడానికి తిరుపతి వచ్చి, హాస్టల్లో ఉంటోంది. చిన్నప్పటి నుంచీ వేగంగా బంతి విసరడమంటే పిచ్చి. ఆదివారం జిల్లా జట్టు ఎంపిక. గుణశేఖర్ ఈ మధ్యనే వచ్చిన కోచ్. ఆయన దగ్గరికి రోజూ హాస్టల్లో తనతో ఉండే రెబెకాతో కలిసి వచ్చేది. ఇవాళ రెబెకాకి జ్వరం. "కొత్త సారు ఎట్టాంటోడో ఏమో, ఒంటిగా మాత్రం పోబాక మే," అని కృపామణి వాళ్ళమ్మ ఫోన్ చేసినప్పుడల్లా చెబుతూనే ఉంది. ఈ పొద్దు ఒంటరిగా వచ్చిన సంగతి అమ్మకు చెప్పలేదు. ఎంపిక దగ్గర పడింది, ఒక్కరోజు మానేసినా నష్టమే అనుకుంది.

కొండ కింది గ్రౌండులో అప్పుడప్పుడే వెలుగు పరుచుకుంటోంది. వాళ్ళిద్దరూ తప్ప ఎవరూ లేరు.

ఆమె పరుగు మొదలుపెట్టే గుర్తు దగ్గరికి వెళ్ళబోయింది.

"మణీ!"

ఆ గొంతు ఎప్పటిలా లేదు. ఆమె ఆగిపోయింది.

"తల తిప్పబాక. నా పక్కే సూడు."

"గుర్తు కాడికి పోవాల గదా సార్?"

"పరుగు వద్దు. నిలబడే వెయ్. తల తిప్పినావంటే ఆదివారం జట్టులో నీ పేరు ఉండదు."

ఆయన ఇలా బెదిరించడం ఎప్పుడూ వినలేదు.

"బంతి లేదు సార్."

బంతుల సంచి ఆయన కాళ్ళ దగ్గరే ఉంది. వంగి తీయలేదు. "ఉత్త చెయ్యే తిప్పు. రెండు చేతులూ పైకెత్తు. ఇంకా పైకి! ఒక అడుగు ముందుకి రా."

బంతి లేకుండా చెయ్యి తిప్పడం మామూలు సాధనే. కానీ ఆయన చూపు ఆమె చేతి మీద లేదు. మొహం మీదా లేదు. భుజం దగ్గరెక్కడో అతుక్కుపోయి ఉంది. రెప్ప వేయడం లేదు. ఆమె టీషర్టు మెడ దగ్గర సర్దుకుంది. అప్పటిదాకా గోల చేస్తున్న గోరింకలు ఊరుకున్నాయి.

"ఇంకో అడుగు. నిదానంగా. పరిగెత్తబాక."

బూటు లేసు ఊడింది. కట్టుకుందామని వంగింది.

"వంగబాక!" అని అరిచాడు. ఆమె ఉలిక్కిపడి నిటారుగా నిలబడింది.

"సార్... నా ఫోను ఆడ నా బ్యాగులో ఉండాది. తెచ్చుకుంటా."

"ఆడే ఉండనీ."

"రెబెకా వస్తానని సెప్పింది సార్. ఫోన్ చేస్తా ఉంటాది." అది అబద్ధం.

"రానీలే. నువ్వు నా కాడికి రా."

ఆ మాటతో ఆమె కళ్ళు తమంతట తామే గేటు వైపు తిరిగాయి.

"గేటు పక్క సూడబాక. ఉరకాలని అసలు అనుకోబాక," అన్నాడు గుణశేఖర్, పళ్ళ బిగువున. అంటూనే, చూపు మళ్ళించకుండా, నేలలో దిగిన వికెట్ ఒకటి పెరికి చేతిలో పట్టుకున్నాడు.

కృపామణికి ఏడుపొచ్చింది. అమ్మ మాట వినుంటే బాగుండేది. కాళ్ళు మాత్రం ఆయన చెప్పినట్టే అడుగు తీసి అడుగు వేస్తున్నాయి. ఆమె దగ్గరయ్యే కొద్దీ ఆయన వెనక్కి జరుగుతున్నాడు. అలా జరుగుతూ వెనకున్న సామాను గది వరకూ పోయి, వెనక్కి చెయ్యి చాపి ఇనుప తలుపు తోశాడు.

"లోపలికి పో."

"నేను పోను సార్."

"పో అంటాండా!"

"నన్ను వదిలిపెట్టండి సార్. హాస్టలుకి పోతా. జట్టూ వద్దు, ఏమీ వద్దు."

ఆయన ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె కేక పెట్టింది. అయినా లోపలికి లాగేసి, తానూ దూరి, ధడాలున తలుపు మూసి గడియ పెట్టాడు.

గదిలో మసక చీకటి, పాత ప్యాడ్ల చెమట వాసన. చేతికందిన బ్యాటు లాక్కుని రెండు చేతులా పైకెత్తింది.

"దగ్గరకొస్తే తల పగలగొడతా!"

ఆయన రాలేదు. తలుపుకు వీపు ఆనించి, అలాగే జారి నేల మీద కూలబడ్డాడు. చేతిలోని వికెట్ దొర్లిపోయింది. చొక్కా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. పసిపిల్లాడిలా వణుకుతున్నాడు.

"కొడుదువులే తల్లీ," అన్నాడు ఎగరొప్పుతూ. "సెప్పింటే నువ్వు పరిగెత్తేదానివి. పరిగెత్తింటే..."

మాట పూర్తి చేయలేక కిటికీ వైపు చెయ్యి చూపించాడు.

ఎత్తిన బ్యాటు దించకుండానే వెనక్కి నడిచి, కిటికీ ఊచల సందులోంచి ఆమె బయటికి చూసింది.

పిచ్ నడుమ చిరుతపులి నిలబడి ఉంది.