212 నంబరు గూడు

ఈ ఉదయం కూడా, గని కార్మికులకు లాంపులిచ్చే పెద్దావిడ ఖదిషా ఆపాయ్ లాంపు గదిలో 212 నంబరు గూటిని తడిగుడ్డతో తుడిచింది. పదకొండేళ్లుగా అది ఖాళీ. ఆ గూట్లోని లాంపు పెట్టుకుని గనిలోకి దిగిన ఓరల్‌బెక్, సొరంగం కూలాక మళ్లీ దొరకలేదు.

కరగండాలోని మా గనికి నేడు కొత్త కంప్యూటర్ పద్ధతి వస్తోంది. పాతదాంట్లో ఆయన పేరు పక్కన ఇప్పటికీ ‘లోపల’ అనే ఉంది. ఒక్కరు లోపలున్నా కొత్తది మొదలుకాదు. పేర్లు కొత్తదాంట్లోకి ఎక్కించే పని నాది.

“రాత్రి షిఫ్టంతా పైకొచ్చేసింది. వాడూ పైకి వచ్చాడని రాసెయ్,” అంది ఆపాయ్.

“ఎన్నింటికి వచ్చాడని కంప్యూటర్ అడుగుతోంది, ఆపాయ్.”

“రెండున్నరకని వెయ్. అందరికన్నా ముందొచ్చి, లాంపు నా మొహాన పడేసి టీకి పరిగెత్తేవాడు, వెధవ.”

నా వేలు మీట మీదే ఆగిపోయింది.

“నీకేంటమ్మా అంత జంకు? అప్పటికి నువ్వు రెండో క్లాసు.”

నొక్కాను. తెర మీద ‘లోపల: సున్నా’ అని వచ్చింది. ఆపాయ్ లేచి వెళ్లి, 212 గూట్లోకి తొంగిచూసి వచ్చింది.

సొరంగం కూలిన రోజు షిఫ్టు మా నాన్నది. నా పుట్టినరోజని ఓరల్‌బెక్‌ని బతిమాలి మార్చుకున్నాడు.