ఆగని సాంచ

సాంచలని పిలుచుకునే మరమగ్గాల షెడ్డులో చాయ్ తాగే వేళ. ముక్కు దాకా తువ్వాల చుట్టుకున్న ముసలాయన ఒకడు వచ్చి రాజలింగం సాంచ ముందు నిలబడ్డాడు.

అడుక్కునేవాడేమోనని రాజలింగం ఇంకో చాయ్ తెప్పించబోయాడు. ఆయన వద్దని తల ఊపి, రాజలింగం రొండిలో ఉన్న తంబాకు పొట్లం వైపు వేలు చూపించాడు.

నూలు దగ్గర బీడీ ముట్టించరాదు. అందుకని సిరిసిల్లలోని ఆ షెడ్డులో అందరి దవడలోనూ తంబాకే. దుర్గయ్య నేర్పిపోయిన అలవాటు.

తనకు ముందు ఆ సాంచ నడిపిన దుర్గయ్యను రాజలింగం చూడలేదు. మగ్గాల పనికే భీవండి వెళ్లిపోయాడని విన్నాడు. ఆయన పాట సాంచల మోతను దాటి సడక్ దాకా వినపడేదట. పేక పోగు తెగితే సాంచను ఆపే తీగ ఒకటుంటుంది. మాటిమాటికీ ఆగితే కూలి డబ్బులు తగ్గుతాయని దుర్గయ్య దాన్ని దారంతో కట్టేశాడు. ఎవరు గోకినా ఊడని ఆ ముడి రాజలింగం సాంచకే ఉంది. దాన్ని రాజలింగం కొత్తవాళ్లకు చూపించి మురిసిపోయేవాడు.

ముసలాయన ముద్దముద్దగా ఏదో అన్నాడు. రెండోసారికి గాని తెలియలేదు.

"చాయ్ ఒక్క పక్కకే తాగుతున్నవ్. దవడల పుండు మానుతలేదు గదా."

రాజలింగం ఉలిక్కిపడ్డాడు. ఆ సంగతి భార్య నవతకే తెలుసు.

"పన్ను గీసుకున్నది. నీకెందుకే పెద్దాయనా?"

"దవాఖానకు పో. గియ్యాల్నే పో."

పక్క సాంచ ముత్తయ్య నవ్వాడు. "సోది మంచిగనే చెప్తున్నడు. చెయ్యి గూడ చూపియ్యరాదు."

అందరూ నవ్వేసరికి రాజలింగానికి తల కొట్టేసినట్టయింది. ముసలాయన భుజం పట్టి బయటికి నెట్టబోయాడు. ఆయన వంగి, తీగకున్న ముడిని ఒక్క గుంజుతో విప్పేశాడు.

"ఆపేదాన్ని కట్టేస్తే ఇగ ఆగదు కొడుకా."

ఆయన వెళ్లాక రాజలింగం తిట్టుకుంటూ తీగను మళ్లీ కట్టేశాడు. దవాఖానకు పోలేదు. నవత పోరు పడలేక వేములవాడ గుడికి వెళ్లి మొక్కి వచ్చాడు.

వానలు తగ్గుముఖం పట్టేసరికి నోరు తెరుచుకోవడం మానేసింది.

కరీంనగర్‌లో డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఒంట్లో కణం చెడిపోతే తనంతట తానే ఆగిపోతుందట. తంబాకు ఏళ్ల తరబడి తాకీ తాకీ ఆ ఆపే గుణాన్నే చెరిపేస్తుందట. ఇక ఆ కణం ఆగదు. తనలాంటి చెడ్డవాటినే పుట్టిస్తూ పోతుంది.

రాజలింగం కళ్ల ముందు ఆ తీగ మెదిలింది.

"మొదట్లోనే వస్తే చిన్న ముక్క కోసి పంపేదాన్ని," అందామె. "ఇప్పుడు నాలుక కూడా తియ్యాలి."

ఆపరేషన్‌కు పోయే ముందు షెడ్డుకు వెళ్లాడు. షెడ్డు ఆసామి శంకరయ్య సాంచ మీదికి వంగి చూస్తున్నాడు.

"గీ ముడి నీది. పాతది ఎవలు ఇప్పిండ్రు?"

తువ్వాల చాటు నుంచి రాజలింగం ముద్దముద్దగా ముసలాయన సంగతి చెప్పాడు. ఒక్క గుంజుకే విప్పాడని కూడా చెప్పాడు.

శంకరయ్య తీగను వేలితో తడిమి చూశాడు.

"గా ముడి కట్టిన చేతికే ఊడుతది రాజలింగం," అన్నాడు. "నీ దగ్గరికి అచ్చింది దుర్గయ్యనే."