ప్రభువుల పావురాలు

బొబ్బిలి దగ్గరి పల్లె. అరవై ఎనిమిది వేసవి. బి.ఏ. పరీక్షకి జగదీశ్వరి అరుగు మీద కూర్చుని ఫ్రెంచి విప్లవం బిగ్గరగా వల్లెవేస్తోంది. కారణాలూ ఫలితాలూ నిన్ననే నోటికొచ్చేశాయి. ఇవాళ మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

"ప్రభువుల పావురాలు చేలమీద వాలి గింజలు తినేసినా రైతులు వాటిని కొట్టకూడదు..."

వాకిట్లో తవిటమ్మ కనబడగానే జగదీశ్వరి గొంతు దానంతటదే తగ్గిపోయింది. తవిటమ్మా, ఆమె మొగుడూ ఈ ఇంటి భూమినే కౌలుకి చేస్తున్నారు. మొన్న ఈ ఇంటి ఎడ్లు తవిటమ్మవాళ్ళ పెసరచేనులో పడి మేసేశాయి. వాటిని కర్రతో అదిలించాడని నాన్నగారు ఆమె మొగుణ్ణి నలుగురిలో కొట్టారు.

"నాన్నగారు పూజలో ఉన్నారు," అంది జగదీశ్వరి పుస్తకం మూసేస్తూ.

"ఉండనీమ్మా. నువ్వు సదువు." తవిటమ్మ మెట్లకి దూరంగా నేలమీద చతికిలబడింది. "పావురాలేనా తినేసినాయి?"

జగదీశ్వరికి చెవులు వేడెక్కాయి. "అది మన దేశం కాదు. ఎప్పుడో జరిగింది."

"ఎక్కడైతే ఏటిలే. ఆ రైతులు తరవాతేటి సేసినారు?"

"ఆ భాగం ఇంకా చదవలేదు."

 తవిటమ్మ చీర దులుపుకుని లేచింది.

"ఆ బాగం నిన్న గట్టిగానే సదివినావు కదమ్మా. మీ పశువులసాలలో పేడ తీస్తా ఇన్నాను. మా ఇంటోడికి తప్పుల్లేకుండా సెప్పాలని, మరోపాలి ఇందామని ఒచ్చినాను."