మెట్టు అంచున తెల్ల గీత

కోడలు పక్కకి జరిపిన రంగు డబ్బాని మేస్త్రీ కాలితో తన్నేశాడు.

బూడిద రంగు హాలంతా పారింది.

“ఇంత డబ్బా కనపడలేదా మేస్త్రీ?” అన్నాడు కొడుకు.

“పొరపాటైంది బాబూ. పెట్టినచోటే ఉందనుకున్నాను,” అంటూ మేస్త్రీ వంగి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

ఆ వారం ఆ ఇంటికంతా బూడిద రంగే. గోడలు, తలుపులు, కిటికీలు, హాల్లోంచి వంటింట్లోకి దిగే రెండు మెట్లు, ఆఖరికి స్విచ్ బోర్డులు కూడా. నేల టైల్స్ అంతకుముందే అదే రంగువి వేయించారు. ఎటు చూసినా ఒకే రంగు ఉంటే ఇల్లు పెద్దదిగా కనిపిస్తుందని కోడలు ఎక్కడో చదివింది. చదివింది ఆవిడ, నమ్మింది మొగుడు, అందులో పొద్దస్తమానం తిరగాల్సింది అత్తగారు.

“ఇల్లంతా బూడిదేనా?” అంది ముసలావిడ మొదటిరోజే.

“బూడిద కాదత్తయ్యా, గ్రే.”

“ఓహో, గ్రే అయితే పరవాలేదులే.”

మేస్త్రీ పనికి వంక పెట్టడానికి లేదు. కాకపోతే నత్తనడక. గోడకి జానెడు దూరంలో మొహం పెట్టి, ఎడమచేత్తో తడుముకుంటూ, కొంచెం కొంచెంగా వేసేవాడు.

“గోడని వాసన చూస్తున్నాడా ఏమిటి?” అని కోడలు నవ్వేది.

అయిదో రోజుకి మెట్లు కూడా అయిపోయాయి. కొడుకూ కోడలూ ఆఫీసులకి వెళ్ళాక, ముసలావిడ వంటింట్లోకి దిగబోయి పైమెట్టు దగ్గరే ఆగింది. కాలు చాపింది. వెనక్కి తీసుకుంది. మళ్ళీ చాపింది.

“మెట్టు కనపడటం లేదా అక్కా?” అన్నాడు మేస్త్రీ, గోడ మీదనుంచి తల తిప్పకుండానే.

ఆవిడ ఉలిక్కిపడింది.

“నీకెలా తెలిసింది?”

“మీ అడుగు చప్పుడే చెబుతోంది. రెండుసార్లు తడిమారు.”

దాచి లాభం లేదనుకుంది ఆవిడ.

“ఇదివరకు మెట్లు ఎర్రగా ఉండేవి తమ్ముడూ. గుమ్మం ముదురు రంగు. ఆ ఆనవాలు పట్టుకుని తిరిగేదాన్ని. ఇప్పుడంతా ఒకటే మబ్బు.”

“అబ్బాయికి చెప్పకపోయారా?”

“చెబితే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు, మంచివాడే. ఆ తర్వాత నన్ను వంటింటి ఛాయలకి రానివ్వరు. మూల కుర్చీలో కూర్చోబెట్టి కంచం చేతికందిస్తారు. నాకా బతుకొద్దు. ఎవరికీ చెప్పనని మాటివ్వు.”

మేస్త్రీ బ్రష్ కింద పెట్టాడు.

“చెప్పనక్కా. చేతిలో పని లాగేసుకుంటారన్న భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు.”

సాయంత్రానికల్లా రెండు మెట్ల అంచులకీ, వంటింటి గుమ్మం చుట్టూ రెండువేళ్ళ వెడల్పున తెల్ల గీత వచ్చింది. ప్రైమర్ డబ్బా అడుగున మిగిలిన తెలుపు. టేపు అంటించి, దాన్ని వేలితో పదిసార్లు తడిమి మరీ గీశాడు. ఎక్కడా వంకర లేదు.

కొడుకు వస్తూనే చూశాడు.

“ఇదేమిటి?”

“అంచు బాగా తెలుస్తుందని బాబూ.”

“తెలియకూడదనే కదయ్యా అంతా ఒకే రంగు వేయిస్తున్నది. నిన్నెవరు గీయమన్నారు?”

ముసలావిడ వంటింట్లోనే ఉంది. పొయ్యి కట్టేసి వింటోంది.

“ఎవరూ అనలేదు. నాకే తోచింది.”

“దాని మీద గ్రే వేసెయ్.”

“మెట్లకైనా ఉండనివ్వండి బాబూ. ఇంట్లో పెద్దవాళ్ళున్నారు.”

“మా అమ్మ సంగతి నువ్వా నాకు చెప్పేది?”

మేస్త్రీ తలొంచుకున్నాడు. ముసలావిడ నోరు మెదపలేదు. మెదిపితే మూల కుర్చీ తప్పదు.

మేస్త్రీ బ్రష్ ముట్టుకోలేదు. కొడుకే లాక్కుని గీతల మీద బూడిద రంగు పూశాడు. మేస్త్రీని అప్పటికప్పుడు పంపించేశాడు. అంతటితో కడుపు మంట చల్లారక, అతన్ని పంపిన రంగుల కొట్టుకి ఫోన్ చేశాడు.

“తలపొగరు మనిషి. చెప్పిన మాట వినడు. ఇంకెవరింటికీ పంపకండి.”

పదిరోజుల తర్వాత ముసలావిడ అదే మెట్టు మీదనుంచి పడింది. తుంటి విరిగింది.

“చూపు దెబ్బతిని రెండేళ్ళయి ఉంటుంది. అంచులు తెలియవు ఈవిడకి,” అన్నాడు ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు. “ఒకే ఇంట్లో ఉంటూ గమనించలేదా?”

ఇక నడవడం కష్టమన్నారు. ఆవిడ భయపడిన కుర్చీ చక్రాలతో సహా ఇంటికొచ్చింది.

“ఆ మేస్త్రీ గమనించాడు,” అంది తల్లి. “నాకిచ్చిన మాట కోసం నీ చేత తిట్లు తిన్నాడు. నేను వింటూ ఊరుకున్నాను. ఒక్కసారి పిలుచుకురారా. ఆ మనిషికి నేనొక మాట చెప్పుకోవాలి.”

కొడుకు రంగుల కొట్టుకి పరుగెత్తాడు.

“మీ ఫోన్ తర్వాత ఎక్కడికీ పంపలేదు సార్. పాపం, ఇంటిపట్టునే ఉంటున్నాడు,” అని కొట్టు యజమాని దారి చెప్పాడు.

ఇరుకు సందు చివర చిన్న ఇల్లు. మెట్టు అంచుకి, గుమ్మం చుట్టూ, ఆఖరికి నీళ్ళ డ్రమ్ము మూతకి కూడా రెండువేళ్ళ వెడల్పున తెల్ల గీత. అరుగు మీద మేస్త్రీ ఖాళీ చేతులతో కూర్చుని ఉన్నాడు. కొడుకు అతని పక్కగా వెళ్ళి నిలబడ్డాడు. మేస్త్రీ తల తిప్పలేదు. కోపంతోనేమో అనుకున్నాడు కొడుకు. అలా అనుకుంటే కాస్త ఊరటగానే ఉంది.

లోపలినుంచి మేస్త్రీ కూతురు వచ్చింది. వచ్చిందెవరో ఆ అమ్మాయికి తెలియదు.

“కాస్త ఎదురుగా వచ్చి నిలబడండి,” అంది. “నాన్నకి అయిదేళ్ళుగా ఎదుట అరచేతి మేర తప్ప చూపు లేదండీ, పని పోతుందని ఇన్నాళ్ళూ దాచుకున్నాడు, ఇప్పుడు పిలిచేవాళ్ళే లేరు కాబట్టి దాచుకోవడం మానేశాడు.”