నడి గోదాట్లో కారు

నరసాపురం రేవు దగ్గర టీ తాగడానికి కారాపి, సీటు కింద పడ్డ కళ్లజోడు వెతుక్కుంటుంటే, కుక్కుటేశ్వరరావు చేతికి అయస్కాంతంతో అతుక్కున్న నల్లటి డబ్బా తగిలింది.

"అది జీపీఎస్ అండి బావగారూ," అన్నాడు పక్క సీట్లో ఉన్న బావమరిది బుల్లబ్బాయి. "మీరెక్కడికెళ్లినా మా అక్క ఫోన్‌లో కనపడిపోతారు."

రావుకి ఒళ్లు మండింది. ముప్పయ్యేళ్ల కాపురం తర్వాత తన మీద నిఘానా? రేవులో, జనాన్నీ బళ్లనీ అవతలి ఒడ్డుకి చేర్చే పంటు కదలబోతోంది. విసవిసా నడిచి, ఆ డబ్బాని పంటు ఇనుప కమ్మీకి అతికించి వచ్చాడు.

"చూసుకోమను, తనివితీరా."

పంటు నడి గోదాట్లోకి వెళ్లేసరికి ఫోన్ మోగింది. భార్య వెంకటదుర్గ.

"ఏవండీ, కారు గోదాట్లో ఉందేంటండీ? మీకు ఈత కూడా రాదు."

దులిపేద్దామనుకున్న రావు గొంతు తగ్గించాడు.

"కంగారుపడకు. కారు పంటెక్కించానులే. అయినా ఆ డబ్బా ఎందుకు పెట్టించావు?"

"ఎక్కడున్నారని ఫోన్ చేస్తే కసురుకుంటారు కదండీ. అందుకని." కాస్త ఊపిరి పీల్చుకుంది. "అవతలికి చేరేదాకా చూస్తా కూర్చుంటాను. మీరు మాత్రం ఆ కమ్మీల దగ్గర నిలబడకండి."

"అలాగే," అని ఫోన్ పెట్టేసి, రావు కారుని రేవులో బళ్లెక్కించుకుంటున్న రెండో పంటు వైపు తిప్పాడు.

"మనం పాలకొల్లు కదండీ వెళ్లాలి?" అన్నాడు బుల్లబ్బాయి.

"మీ అక్క చూస్తోందయ్యా. డబ్బా ఉన్న పంటు వెనక్కి తిరిగేలోపు నన్ను నేను అందుకోవాలి."