సగం కోత

“ఒక్కో సర్వర్లో అరవై నాలుగు జీబీ మెమరీనా! కంట్రోలర్‌కా, కుంభకర్ణుడికా?”

మేనేజర్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి అడిగాడు. ఆసుపత్రి కంప్యూటర్ విభాగంలో ఆయనకు కత్తెర అని పేరు. ఎవరేం అడిగినా సగానికి కోస్తాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అక్కడ అడిగినా సగమే పెడతారు. అందుకని అందరూ కావలసినదానికి రెట్టింపు అడగడం, కోత పడ్డాక లోలోపల నవ్వుకుంటూ వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నారు.

స్టోరేజీ ఇంజనీరూ ఇప్పుడు ఆ తానులో ముక్కే. ఆమెకు నిజంగా కావలసింది ముప్పై రెండు.

“తప్పదు సార్. స్కాన్లు దాచే డిస్కుల బరువంతా మోసేది కంట్రోలరే కదా. దానికి మెమరీ చాలకపోతే ఏ స్కానూ తెరుచుకోదు. కిందటిసారి ఏమైందో మీకు తెలుసు.”

తెలియకేం! కొత్తగా చేరిన రోజుల్లో ఆమె తెలియక కావలసినంతే అడిగింది. ఆయన అలవాటుగా కోశాడు. ఆపరేషన్ మధ్యలో స్కాన్ బొమ్మ తెర మీద సగం వచ్చి ఆగిపోయింది. పెద్ద సర్జన్ చేతి తొడుగులు కూడా విప్పకుండా కిందికి దిగి వచ్చి, “ఇంకోసారి ఇలా జరిగిందా, ఈ కొత్త సర్వర్లనీ, వాటిని తెచ్చినవాళ్లనీ కలిపి బయట పెట్టిస్తా” అని అరిచి వెళ్లాడు. రేపు పొద్దున ఆయనే స్వయంగా ఆ సర్వర్లని పరీక్షించబోతున్నాడు.

మేనేజర్ నిట్టూర్చాడు. “ఆ అరుపులు మళ్లీ పడలేనమ్మా. అరవై నాలుగే తీసుకో. కోయను.”

‘వద్దు సార్, సగం చాలు’ అన్న మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే ఇన్నాళ్లూ నాటకమాడావా అంటాడు. ఎక్కువైతే వచ్చే నష్టమేముందిలే అనుకుని, మాట మింగేసి బయటికి వచ్చింది.

క్యాంటీన్లో మాత్రం ఆ ఆనందం దాగలేదు. స్కాన్లు చూపించే సాఫ్ట్‌వేర్ బాధ్యత మోసే అమ్మాయిని అందరూ స్కానమ్మ అంటారు. ఇంజనీరు ఆమె పక్కనే కూర్చుని, చుట్టూ ఉన్న నలుగురికీ వినబడేలా చెప్పింది.

“కత్తెర మొద్దుబారిందే! నేనడిగింది అడిగినట్టే ఇచ్చేశాడు. ఇంక ఈ రెట్టింపు దొంగాటలు అక్కర్లేదు. కావలసిందే అడగండి.”

“ఒట్టు?” అడిగింది స్కానమ్మ.

“ఒట్టు!”

ఆ మధ్యాహ్నమంతా ఇంజనీరు కంట్రోలర్లను ఒకదాని తర్వాత ఒకటి ఆపి, మెమరీ పెంచి, మళ్లీ లేపింది. ఒకటి పూర్తిగా కుదుటపడితేగానీ రెండోదాని మీద చెయ్యి వెయ్యలేదు. చక్కటి పని. తనకే ముచ్చటేసింది.

మర్నాడు పెద్ద సర్జన్ ఆపరేషన్ గదిలో స్కాన్ తెరవబోయాడు. తెర నల్లగా ఉండిపోయింది. నిమిషంలో ఇంజనీరు ఫోన్ మోగింది.

“నా ముందు ఖాళీ తెర ఉంది. మీ మేనేజర్నీ, నిన్నూ పైకి రమ్మంటున్నా.”

ఆమె గబగబా కంట్రోలర్లు చూసింది. అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. ఇచ్చిన మెమరీలో సగం వాడకుండా తీరిగ్గా కూర్చున్నాయి. అయితే తప్పు తనది కాదు! హమ్మయ్య అనుకుంటూ స్కానమ్మ గదికి పరుగెత్తింది. ఆ అమ్మాయి తల పట్టుకుని కూర్చుంది.

“ఏమైందే? నీ సాఫ్ట్‌వేర్ ఎందుకు లేవడం లేదు?”

“మెమరీ చాలక, అక్కా. ఒక్కో సర్వర్లో నలభై అడిగితే ఇరవై ఇచ్చారు. అవే సర్వర్లలో నీ కంట్రోలర్లకే అంత పోయాక మిగతావాళ్లకి చోటు లేదని మా అందరివీ సగానికి కోశారట.”

“ఎప్పుడూ కోసేదే కదా! ఎనభై అడగాల్సింది. ఆ మాత్రం తెలియదా నీకు?”

స్కానమ్మ తలెత్తి చూసింది. కళ్లలో నీళ్లు.

“ఎనభై అని రాసే పెట్టుకున్నా. నువ్వు ఒట్టేశాక కొట్టేసి, నలభై చేశానక్కా.”