ఆ రోజు బండి రాలేదు

"సూర్యుడు కంపించనూ లేదు, ఏమీ లేదు. మంగళవారం గేటులోకి లారీ వచ్చి టెలిస్కోపు అదిరింది. ఆ రోజు లెక్క చెరిపెయ్," అన్నాడు సూర్యుణ్ణి గమనించే ఆ పరిశోధనశాల పెద్దసారు.

"సూర్యుడి మీద మంట ఎగసిన చోటి నుంచే అలలు వలయాలుగా పాకాయి సార్! ఏడాది కష్టం మట్టిపాలు చేస్తారా?" అంది పరిశోధన చేసే అమ్మాయి.

గుమ్మంలో వింటున్న గేటు కాపలా అవ్వకు ఒళ్ళు మండిపోయింది. యాభై దాటాక నేర్చిన అక్షరాలతో తాను నింపే, వచ్చేపోయే బండ్ల రిజిస్టరు తెచ్చి బల్ల మీద విసిరింది.

"మంగళవారం ఏ బండీ రాలేదు బాబూ. రాసిపెట్టాను."

"నీ కోడిగీతలు ఎవడు చదువుతాడే?"

"చదవరని తెలుసులే. మరి కింద ఈ సంతకం ఎవరిది?"

పెద్దసారు కళ్ళజోడు సర్దుకున్నాడు. తాను రోజూ సంతకం చేసే ఆ పేజీని మొదటిసారి, కూడబలుక్కుంటూ చదవసాగాడు.